గేటు మీది ముద్ర, మనిషి మీది ముద్ర: అబిడ్స్ నుంచి నాంపల్లి దాకా ఇంజనీరు లైసెన్సు కథ



పోయిన నెల మన తమ్ముడొకడు అడిగిండు. "అన్నా, మా కాలేజీ గేటు మీద ఎన్‌బీఏ అక్రిడిటెడ్ అని పెద్ద బ్యానర్ ఉంది. ఆఫీసుల అడిగితే అది కంప్యూటర్ సైన్స్ వాళ్లకేనట. మా సివిల్‌కు గడువు అయిపోయిందట. మరి నేను రేపు ఇంజనీర్ని అయితనా, కానా?"

కాలేజీ పేరు ఇక్కడ వద్దు. అట్లాంటి గేట్లు, అట్లాంటి బ్యానర్లు చాలా ఉన్నయి. తమ్ముడికి ఒక్క మాటలో జవాబు చెప్పబోయి ఆగిపోయినం. "అయితవు" అన్నా పూర్తి నిజం కాదు, "కావు" అన్నా నిజం కాదు. నాణ్యత ముద్ర పడేది కోర్సు మీద. లైసెన్సు వచ్చేది మనిషికి. ఈ రెండింటి మధ్య సంబంధం మన దేశంలో ఎందుకు ఇంత గజిబిజిగా ఉందో తెలియాలంటే కొంచెం చరిత్ర చూడాలె. ఆ చరిత్రలో మన వాటా ఎంతో కూడా చూడాలె. అందుకే ఈ పొడుగు పోస్టు. ఓపికగా చదవండి, ముఖ్యంగా సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు.

ఈ కథకు దారి మనకు తెలిసిందే. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొనుక్కుంటం. అక్కడి నుంచి జీపీఓ, మొజంజాహీ మార్కెట్ దాటి ఎం.జె. రోడ్డు పట్టుకుంటే నాంపల్లి. అక్కడ ప్రతిభా భవన్, అంటే మన పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఆఫీసు. నడిస్తే అరగంట కూడా పట్టదు. మన రాష్ట్రంలో ఇంజనీరు చదువు ఎట్ల మొదలైంది, ఎక్కడ వచ్చి ఆగింది అనే రెండు కొసలూ ఈ చిన్న దారిలోనే ఉన్నయి.

గన్‌ఫౌండ్రీలో మొదలు

అబిడ్స్ పేరు ఆరో నిజాం దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ అబిడ్ అనే ఆయన దుకాణం వల్ల వచ్చింది. దాన్ని ఆనుకుని ఉన్న గన్‌ఫౌండ్రీ పేరు ఇంకా పాతది. ఫ్రెంచి సేనాని రేమండ్ కాలంలో అక్కడ ఫిరంగులు పోతపోసేవాళ్లు. ఆ గన్‌ఫౌండ్రీలోని అద్దె భవనాల్లోనే 1919 ఆగస్టు 28న ఉస్మానియా యూనివర్సిటీ తరగతులు మొదలైనయి. అప్పుడు 225 మంది విద్యార్థులు, 25 మంది అధ్యాపకులు. ఇంగ్లీషులో కాకుండా ఉర్దూలో పాఠాలు చెప్పిన యూనివర్సిటీ అది.

పదేళ్లకు, 1929లో, ఉస్మానియాకు ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. దేశంలో పాత ఇంజనీరింగ్ కాలేజీల లెక్క తీస్తే మొదటి వరసలో ఉంటది. దానికి ఇప్పుడున్న సొంత భవనం 1947లో వచ్చింది.

ఇప్పుడు ఇంకో తేదీ పక్కన పెట్టి చూడండి. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయిండు. ఆ తర్వాత నిజాం సర్కారు హైమెన్‌డార్ఫ్‌ను పంపి గోండుల పరిస్థితి చూడమన్నది. ఆయన చొరవతో 1943లో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం పెట్టిండ్రు. అంటే హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ డిగ్రీ మొదలైన 14 ఏళ్లకు, అదే రాజ్యంలో మన పిల్లలకు అక్షరాలు నేర్పే టీచర్లను తయారుచేయడం మొదలైంది. ఇది ఎవరినో తిట్టడానికి చెప్తలేం. కాలేజీ, డిగ్రీ, ముద్ర, లైసెన్సు, ఈ మాటల మధ్య తేడా మన ఇండ్లల్ల ఎవరూ ఎందుకు చెప్పలేదో అర్థం కావాలని చెప్తున్నం. తాతలు ఆ దారిలో నడవలేదు. అందుకే మనం ఒకరికొకరం చెప్పుకోవాలె.

సర్కారు నౌకరీయే లైసెన్సు

ఆ కాలంలో ఇంజనీరు అంటే ఎవరు? దాదాపుగా సర్కారు మనిషే. మన దేశంలో ఇంజనీరింగ్ కాలేజీలు పుట్టిందే సర్కారు పనుల కోసం. మద్రాసు గిండీలో 1794లో పెట్టిన బడి భూమి కొలిచే సర్వేయర్ల కోసం. 1847లో రూర్కీ కాలేజీ పెట్టింది గంగా కాలువ పనికి మనుషులు కావాలని. ఇంగ్లండ్‌లో కూపర్స్ హిల్ అని ఒక కాలేజీ ఉండేది. అది నడిచిందే భారతదేశపు పబ్లిక్ వర్క్స్ శాఖకు ఇంజనీర్లను పంపడానికి. 1906లో మూసేసిండ్రు.

మన అలీ నవాజ్ జంగ్ బహదూర్ అక్కడ చదివినవారే. నిజాం కాలేజీలో చదివి, సర్కారు స్కాలర్‌షిప్ మీద కూపర్స్ హిల్‌కు పోయి, తిరిగొచ్చి హైదరాబాద్ రాజ్యంలో చీఫ్ ఇంజనీర్ అయిండు. నిజాంసాగర్ ఆయన పనే. ఆయన పుట్టిన జూలై 11ను తెలంగాణలో ఇంజనీర్ల రోజుగా జరుపుతరు. 1908 సెప్టెంబరు 28 మూసీ వరద తర్వాత హైదరాబాద్‌కు వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుణె కాలేజీలో చదివిండు. ఆయన 1883లో పాసైన పరీక్ష పేరు ఎల్‌సీఈ, అంటే లైసెన్షియేట్ ఇన్ సివిల్ ఇంజనీరింగ్. చూడండి, చదువు పేరులోనే "లైసెన్సు" ఉంది! పరీక్ష పాసైన మరుసటేడు, 1884లో, బొంబాయి పబ్లిక్ వర్క్స్ శాఖలో అసిస్టెంట్ ఇంజనీర్ అయిండు.

ఇక్కడే అసలు సంగతి ఉంది. అప్పుడు కాలేజీ పెట్టేది సర్కారే. పరీక్ష పెట్టేది సర్కారు యూనివర్సిటీయే. నౌకరీ ఇచ్చేదీ సర్కారే. కట్టడం కూలితే అడిగేదీ సర్కారే. ఇన్ని పనులూ ఒక్కచోటే ఉన్నప్పుడు విడిగా లైసెన్సు ఎందుకు? అపాయింట్‌మెంట్ ఆర్డరే లైసెన్సు. ఆ అలవాటు మన దేశం నుంచి ఇంకా పోలేదు. ఊర్లె అమ్మానాన్నలు "ఇంజనీర్ అంటే ఏఈ పోస్టే కదా బిడ్డా" అంటే, వాళ్లకు తెల్వక అన్న మాట అనుకోవద్దు. అది నూటయాభై ఏళ్ల చరిత్ర చెప్పిన మాట.

అమెరికా, కెనడాలో ఇంకో దారి

బయటి దేశాల్లో కథ వేరే తీరుగా నడిచింది. అక్కడ ఇంజనీర్లు ఎక్కువ మంది ప్రైవేటుగా పనిచేసేవాళ్లు. అమెరికాలోని వ్యోమింగ్ రాష్ట్రంలో సాగునీటి హక్కు కోసం పటాలు గీసి దరఖాస్తు పెట్టాల్సి ఉండేది. ఆ పటాలు ఎవరుబడితే వాళ్లు గీసి, తామే ఇంజనీర్లమని సంతకం పెట్టేవాళ్లు. తప్పుడు పటాలతో విసిగిపోయి 1907లో వ్యోమింగ్ చట్టం చేసింది. లైసెన్సు లేనోళ్లు ఇంజనీరుగా సంతకం పెట్టకూడదు అన్నది. అమెరికాలో అదే మొదటి ఇంజనీరు లైసెన్సు చట్టం.

అదే 1907లో, ఆగస్టు 29న, కెనడాలో క్యూబెక్ వంతెన కడుతుండగానే నదిలో కూలిపోయింది. ఆ సమయంలో మీద ఉన్న 86 మందిలో 75 మంది చచ్చిపోయిండ్రు. వాళ్లల్ల 33 మంది కాహ్నవాకే అనే ఒక్క ఊరి మనుషులు. మొహాక్ తెగ వాళ్లు, అంటే ఆ నేల ఆదివాసులు. ఎత్తుల మీద ఇనుప దూలాలు బిగించే పనిలో వాళ్లకు పేరుండేది. వంతెన పొడవు పెంచిండ్రు, కానీ పెరిగిన బరువును మళ్లీ సరిగ్గా లెక్కగట్టలేదు. ఇనుప కమ్మీలు వంగుతున్నయని అక్కడోళ్లు చూసిండ్రు, కబురు పంపిండ్రు. నిర్ణయం చేయాల్సిన సలహా ఇంజనీరు న్యూయార్క్‌లో ఉండె. ఆ నిర్ణయం వచ్చేలోపే వంతెన పడిపోయింది. ఒక్క సాయంత్రం ఒక ఆదివాసీ ఊరు ఇంతమందిని పోగొట్టుకుంది. ఇది చదివినప్పుడు మా అందరికీ కాసేపు మాట రాలేదు.

1920 నుంచి కెనడా ప్రావిన్సులు ఒక్కొక్కటిగా ఇంజనీర్ల చట్టాలు చేసుకున్నయి. 1925 నుంచి అక్కడ కొత్తగా పాసైన ఇంజనీర్లు చిటికెన వేలికి ఇనుప ఉంగరం పెట్టుకునే ఆనవాయితీ మొదలైంది. పని చేసే చేతికే పెట్టుకుంటరు, గీత గీసినప్పుడల్లా కాగితానికి తగిలి బాధ్యత గుర్తుకు రావాలని.

ఇప్పుడు వరస చూడండి. అమెరికాలో లైసెన్సు ముందు వచ్చింది. తర్వాత లైసెన్సు బోర్డులకు ఒక తలనొప్పి మొదలైంది. ఒక్కో కాలేజీ ఒక్కో తీరుగా డిగ్రీ ఇస్తుంటే, ఏ డిగ్రీని నమ్మాలె? అందుకే 1932లో కాలేజీల కోర్సులను పరిశీలించే మండలి పెట్టుకున్నరు. దానినే ఇప్పుడు అబెట్ అంటున్నరు. అంటే అక్రిడిటేషన్ పుట్టిందే లైసెన్సు కోసం. అక్కడ మామూలు దారి ఇట్ల ఉంటది: అక్రిడిటేషన్ ఉన్న డిగ్రీ, తర్వాత ఎఫ్ఈ అనే మొదటి పరీక్ష, తర్వాత సుమారు నాలుగేళ్లు లైసెన్సున్న ఇంజనీరు కింద అనుభవం, ఆ తర్వాత పీఈ అనే రెండో పరీక్ష. అప్పుడు చేతికి ముద్ర వస్తది. ఆ ముద్ర వేసిన డ్రాయింగుకు ఆ మనిషే జవాబుదారీ.

మన దేశంలో తలకిందులు

మన దగ్గర వరస తిరగబడింది. ముద్ర వచ్చింది, లైసెన్సు రాలేదు.

1920లో ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ పుట్టింది. 1935లో దానికి రాయల్ చార్టర్ వచ్చింది. చార్టర్డ్ ఇంజనీర్ అనే బిరుదు అక్కడి నుంచి వచ్చిందే. మన రాష్ట్ర కేంద్రం నాంపల్లి దాటి ఖైరతాబాద్ పోతే విశ్వేశ్వరయ్య భవన్‌లో ఉంది. ఆ సంస్థ పెట్టే ఏఎంఐఈ పరీక్ష ఎందరికో దారి చూపింది. డిప్లొమా చేసి ఓవర్సీర్‌గానో, డ్రాఫ్ట్స్‌మన్‌గానో నౌకరీ చేసుకుంటూ, రాత్రిపూట చదివి సెక్షన్ ఏ, సెక్షన్ బీ పాసైతే బీఈతో సమానంగా చూసేవాళ్లు. కాలేజీ ఫీజు కట్టలేనోళ్లకు అది పెద్ద ఆసరా. కానీ 2013 మే 31 దాకా పేరు నమోదు చేసుకున్నోళ్లకే ఆ సమాన గుర్తింపు అని కేంద్రం తేల్చేసింది. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ఏఎంఐఈ గైడ్లు ఇంకా అప్పుడప్పుడు కనిపిస్తయి. చవకగా వస్తయి. చదువుకోవడానికి పనికొస్తయి, కానీ ఆ పాత తలుపు తీస్తదని మాత్రం కొనకండి.

ఇంకో వైపు సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ 1945లో సలహా సంఘంగా మొదలై, 1987 చట్టంతో అధికారం ఉన్న సంస్థ అయింది. దాని కింద 1994లో నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రిడిటేషన్, మన ఎన్‌బీఏ, వచ్చింది. 2010లో దానిని విడిగా, స్వతంత్రంగా చేసిండ్రు. ఆ తర్వాత సంగతి మనకు తెలిసిందే. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చినంక ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలు ఏడు వందలు దాటినయి. మన ఇండ్ల నుంచి మొదటిసారి పిల్లలు బీటెక్‌కు పోయింది కూడా అప్పుడే. ఈ మేలును మర్చిపోవద్దు. కానీ కాలేజీల మధ్య తేడా చెప్పేటోళ్లు మాత్రం మనకు లేకపాయె.

వకీలుకు 1961 అడ్వకేట్స్ చట్టం ఉంది. ఆర్కిటెక్టుకు 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ఉంది. కౌన్సిల్‌లో నమోదు కాకుండా ఆర్కిటెక్ట్ అని పేరు పెట్టుకోవడానికి లేదు. డాక్టర్లకు కౌన్సిల్ ఉంది. ఇంజనీరుకు మాత్రం దేశమంతటికీ కలిపి ఒక చట్టం లేదు. 2002లో ఇంజనీరింగ్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అని సంఘాలన్నీ కలిసి పెట్టుకుని, ఇంజనీర్ల బిల్లు కావాలని అడుగుతూ వచ్చినయి. 2025లో ప్రొఫెషనల్ ఇంజనీర్ల బిల్లు ముసాయిదా ఒకటి ప్రజల అభిప్రాయం కోసం బయటికొచ్చింది. ముసాయిదా అంటే చట్టం కాదు, గుర్తుపెట్టుకోండి.

అందుకే మన దగ్గర అక్రిడిటేషన్ గేటు మీద బ్యానర్‌గా మిగిలింది. అమెరికాలో అది లైసెన్సు బోర్డు అడిగే కాగితం. ఇక్కడ అడిగే బోర్డే లేదాయె. ఇక ఎవరికి చూపించాలె? అడ్మిషన్ల టైంలో మనకు చూపిస్తున్నరు.

మూడు మాటలు, మూడు తేడాలు

తమ్ముడి లెక్కనే చాలామంది కలిపేసే మూడు మాటలు ఇక్కడ విడదీద్దాం.

ఒకటి, ఏఐసీటీఈ అప్రూవల్. కాలేజీ నడపడానికి అనుమతి అన్నట్టు. దీనికి యూనివర్సిటీ అఫిలియేషన్ తోడైతే డిగ్రీ చెల్లుతది. ఇది లేకపోతే ఎంత నష్టమో 2017 నవంబరు 3 నాటి సుప్రీంకోర్టు తీర్పు చూపించింది. అనుమతి లేకుండా కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగ్ డిగ్రీల మీద తీర్పు అది. 2001 నుంచి 2005 మధ్య చేరినోళ్లను మళ్లీ పరీక్ష రాయమన్నది. ఆ తర్వాత చేరినోళ్ల డిగ్రీలను రద్దు చేసింది. నౌకరీల ఉండి, ప్రమోషన్ కోసం చదివినోళ్లు ఎంతోమంది రోడ్డున పడ్డరు.

రెండు, న్యాక్. ఇది కాలేజీ మొత్తానికి ఇచ్చే గ్రేడు. సివిల్ కోర్సు బాగుందా లేదా అనేది ఇది చెప్పదు.

మూడు, ఎన్‌బీఏ. ఇది కాలేజీకి ఇవ్వరు, ఒక్కో కోర్సుకు ఇస్తరు. మూడేళ్లకో, ఆరేళ్లకో గడువు పెడతరు. మనం పాసయ్యే ఏడు ఆ గడువులో పడాలె. చేరినప్పుడు ఉండి పాసయ్యేనాటికి పోయిందంటే మనకు లాభం లేదు. ఇందులోనూ రెండు అంచెలు ఉన్నయి. టైర్-1 యూనివర్సిటీలకు, అటానమస్ కాలేజీలకు. టైర్-2 మామూలు అఫిలియేటెడ్ కాలేజీలకు.

ఈ అంచెల తేడా ఎక్కడ పనిచేస్తదంటే వాషింగ్టన్ అకార్డ్ దగ్గర. 1989లో ఆరు దేశాల అక్రిడిటేషన్ సంస్థలు ఒకరి డిగ్రీని ఒకరు నమ్ముదామని చేసుకున్న ఒప్పందం అది. మన దేశం 2007లో తాత్కాలికంగా చేరి, 2014 జూన్ 13న పూర్తి సభ్యత్వం తెచ్చుకుంది. అయితే అది టైర్-1 కోర్సులకే వర్తిస్తది. అది ఉన్నా అమెరికాలోనో కెనడాలోనో దిగంగనే లైసెన్సు చేతిల పెట్టరు. "నీ చదువు మా చదువుతో సమానం" అని మాత్రం ఒప్పుకుంటరు. పరీక్షలు, అనుభవం మళ్లీ మామూలే. టైర్-2 వాళ్లకు, అసలు ఎన్‌బీఏ లేనోళ్లకు తలుపు పూర్తిగా మూసుకుపోదు. సబ్జెక్టు సబ్జెక్టుకు లెక్కతీసి డిగ్రీని తూచే పద్ధతి ఉంటది. దారి పొడుగైతది, ఖర్చు పెరుగుతది, అంతే.

ఇక్కడ లైసెన్సు ఎక్కడుంది?

దేశ చట్టం లేకపోయినా లైసెన్సు పూర్తిగా లేదనుకోవద్దు. అది మున్సిపల్ ఆఫీసుల ఉంది. పట్నంలో ఇల్లు కట్టాలంటే ప్లాను మీద లైసెన్సున్న సాంకేతిక నిపుణుల సంతకం కావాలె. పెద్ద కట్టడమైతే స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం కూడా కావాలె. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం స్ట్రక్చరల్ ఇంజనీరు అంటే సివిల్ డిగ్రీ, దాని మీద స్ట్రక్చరల్ డిజైన్ పనిలో కనీసం మూడేళ్ల అనుభవం. స్ట్రక్చరల్‌లో పీజీ చేస్తే రెండేళ్లు చాలు. కరెంటు పనికి ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే సూపర్‌వైజర్ పర్మిట్లు, కాంట్రాక్టర్ లైసెన్సులు వేరే ఉన్నయి.

2020లో టీఎస్-బీపాస్ చట్టం వచ్చినంక ఈ సంతకం విలువ ఇంకా పెరిగింది. 75 గజాల లోపు స్థలానికి అనుమతి అక్కర్లేదు, నమోదు చాలు. 500 చదరపు మీటర్ల దాకా స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి. అంతకు మించితే 21 రోజుల్లో. సర్కారు ముందుగా వచ్చి చూసేది తగ్గింది, సంతకం పెట్టేటోడి మీద భారం పెరిగింది.

ఆ సంతకం కింద ఎవరుంటరో మనకు తెలుసు. 2016 డిసెంబరు 8 రాత్రి నానక్‌రాంగూడలో కడుతున్న ఏడంతస్తుల భవనం కూలి 11 మంది చనిపోయిండ్రు. వలస కూలీల కుటుంబాలు. అందులోనే వండుకుని, అందులోనే పండుకున్నోళ్లు. 2025 మార్చి 26న మన భద్రాచలంలోనే కడుతున్న బహుళ అంతస్తుల భవనం కూలి కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్నరు. క్యూబెక్‌ల ఇనుము మోసింది మొహాకులు. మన దగ్గర ఇసుక, ఇటుక మోసేది ఎవరో వేరే చెప్పాల్సిన పని లేదు. తట్ట మోసే కాడ మనోళ్లు నిండుగా ఉంటరు. లెక్క కట్టి, "ఇది నిలబడదు, పని ఆపండి" అని రాసి సంతకం పెట్టే కుర్చీ కాడ ఎంతమంది ఉన్నరు?

నాంపల్లి అడిగేది, అడగనిది

మళ్లీ నాంపల్లికి వద్దాం. మన హాస్టళ్లు, ఆశ్రమ పాఠశాలలు, వాగుల మీద వంతెనలు, ఇవన్నీ సర్కారు పనులు. వీటికి ప్రైవేటు లైసెన్సు అడగరు. ఏఈ, ఏఈఈ, ఈఈ సంతకాలే చెల్లుతయి. పాత కాలం లెక్కనే అపాయింట్‌మెంట్ ఆర్డరే లైసెన్సు. అందుకే ఆ నౌకరీకి అంత విలువ.

2022 సెప్టెంబరులో 1,540 ఏఈఈ పోస్టులకు, 833 ఏఈ తదితర పోస్టులకు నోటిఫికేషన్లు వచ్చినయి. 2023 మార్చి 5న జరిగిన ఏఈ పరీక్ష పేపరు లీకైందని తేలి మార్చి 15న రద్దు చేసిండ్రు. రెండు రోజులకు, జనవరిలో జరిగిన ఏఈఈ పరీక్ష కూడా రద్దయింది. ఆ వారం హాస్టల్ రూముల్లో, లైబ్రరీల్లో మనోళ్ల ముఖాలు ఎట్లున్నయో మేం చూసినం. ఒకే తలుపు ముందు అందరం నిలబడితే, ఆ తలుపు మూసుకున్న రోజు అందరం ఒకేసారి రోడ్డు మీద పడతం.

ఒక సంగతి గమనించండి. నాంపల్లిలో ఎన్‌బీఏ ఉందా అని అడగరు. చెల్లే డిగ్రీ ఉందా అని చూస్తరు, పరీక్షల మార్కులు చూస్తరు, రిజర్వేషన్ వర్తింపజేస్తరు. కాబట్టి ఎన్‌బీఏ లేదని తమ్ముడు ఏఈ ఆశ వదులుకోవాల్సిన పని లేదు. మున్సిపల్ లైసెన్సుకు కూడా ముఖ్యం చెల్లే సివిల్ డిగ్రీ, చేసిన పనికి రుజువు. విదేశీ లైసెన్సు దగ్గర మాత్రం ఆ ముద్ర, అదీ టైర్-1 ముద్ర, ఎన్నో ఏళ్లు ఆదా చేస్తది.

తమ్ముడికి మా జవాబు

తమ్మీ, నువ్వు ఇంజనీర్వి అయితవు. గేటు మీది బ్యానర్ నిన్ను ఇంజనీర్ని చేయదు, అది లేకపోవడం నిన్ను ఆపదు. కానీ నీ దారి ఏదో ఇప్పుడే తెలుసుకుని పెట్టుకో.

సర్కారు నౌకరీ దారైతే, నీ కాలేజీకి ఏఐసీటీఈ అప్రూవల్, యూనివర్సిటీ అఫిలియేషన్ ప్రతి ఏడూ ఉన్నయా చూసుకో. సొంతంగా ప్రాక్టీసు పెట్టే దారైతే, పాసైన రోజు నుంచే ఒక మంచి స్ట్రక్చరల్ ఇంజనీరు దగ్గర చేరు. జీతం తక్కువైనా అనుభవం కాగితం మీద రాయించుకో. ఏ కట్టడం, ఎన్ని అంతస్తులు, నువ్వు చేసిన లెక్క ఏది అనేది నోటుబుక్కుల రాసి పెట్టుకో. రేపు లైసెన్సు దరఖాస్తుకు అదే ఆధారం. విదేశం దారైతే, నీ కోర్సు ఎన్‌బీఏ స్థితి, అంచె, గడువు తేదీలు ఎన్‌బీఏ సొంత వెబ్‌సైటులో చూడు. కాలేజీ చెప్పిందాన్ని నమ్మి ఊరుకోకు. సీనియర్లకు ఒక మాట: ఖైరతాబాద్ ఇన్‌స్టిట్యూషన్ ఇచ్చే చార్టర్డ్ ఇంజనీర్ బిరుదు, అంతర్జాతీయ పీఈ రిజిస్టర్ గురించి కూడా తెలుసుకోండి. అవి చట్టమిచ్చే లైసెన్సులు కావు గానీ, అనుభవానికి విలువ తెస్తయి.

ఈ ఏడు కౌన్సెలింగ్‌కు పోయే ఇంటర్ పిల్లలకు మనం మూడు ప్రశ్నలు నేర్పిద్దాం. ఈ కోర్సుకు ఎన్‌బీఏ ఉందా? ఉంటే ఏ అంచె? మేం పాసయ్యే ఏటికి గడువు ఉంటదా? కాలేజీ ఆఫీసుల ఈ మూడూ అడగడానికి సిగ్గుపడొద్దు. జవాబు చెప్పడం వాళ్ల పని.

మనలో మున్సిపల్ లైసెన్సున్న ఇంజనీర్లు, స్ట్రక్చరల్ ఇంజనీర్లు ఎవరైనా ఉంటే దయచేసి ముందుకు రండి. ఎట్ల తెచ్చుకున్నరు, ఏమేం కాగితాలు అడిగిండ్రు, ఎవరి దగ్గర పనిచేసిండ్రు, మీ మాటల్లో రాయండి. ఒక్కరు రాసినా పదిమందికి దారి తెలుస్తది. ఉట్నూరులోనో, ఏటూరునాగారంలోనో, భద్రాచలంలోనో రేపు ఒక హాస్టల్ కడుతున్నప్పుడు పునాది చూసి, తట్ట మోసే మన అక్కను పక్కకు జరగమని చెప్పి, పని ఆపించే అధికారం ఉన్న సంతకం మనోళ్లదే కావాలె. తమ్ముడు మళ్లీ అడిగిండు, "అన్నా, మరి ఈ ఆదివారం అబిడ్స్ పోదామా, స్ట్రక్చర్స్ పుస్తకం కావాలె" అని. పోతున్నం. వచ్చేటోళ్లు జీపీఓ దగ్గర పొద్దున తొమ్మిదికి కలవండి.

జోహార్.